గట్టిగా వినిపిస్తే బాగున్నట్టేనా?

పాత రాక్ ఆల్బమ్ సీడీ మీద ‘రీమాస్టర్డ్’ అన్న మాట చూడగానే ధ్వని మెరుగైందనుకోవడం తొందరపాటు. చాలాసార్లు పెరిగింది శబ్దం ఒక్కటే. సీడీలో అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ తేడా పడుతుంది. ఆ చోటు వాడుకోకుండా, 1990ల నుంచి లిమిటర్‌తో పై మోతల్ని అణిచేసి మొత్తాన్ని పైకి లేపడం రివాజైంది. ముందు పోయేది డ్రమ్ దెబ్బలోని అదురే. రాక్ గాయకుడు ఇగ్గీ పాప్ 1997లో తానే మళ్లీ మిక్స్ చేసిన ‘రా పవర్’ ఆల్బమ్ దీనికి పరాకాష్ఠ (అది రీమిక్స్, నిజమే, రోగం మాత్రం ఇదే). కళాకారుడికే నచ్చింది కదా అంటే, నచ్చినంత మాత్రాన ధ్వనిలోని బొంగురుతనం పోదు.

అలాగని పాత సీడీలే మేలనే వాదనా నిలవదు. 1980లలో అసలు మాస్టర్ టేపు వెతక్కుండా నకళ్లతో సరిపెట్టినవి ఎన్నో. బీటిల్స్ 2009 సీడీల్లో స్టీరియో వాటికి లిమిటింగ్ కొద్దిగానే వాడారు, మోనో సెట్‌కు అసలు వాడలేదు. 1987 నాటి వాటికన్నా అవి ఎంతో స్పష్టం. కారు రొదలో మెల్లని చోట్లు వినబడవు కదా అంటారా, వాటిని పైకి లేపే పని ప్లేయర్‌కు అప్పగించవచ్చు. సీడీలోనే అణిగిపోయిన దెబ్బను ఏ ప్లేయరూ తిరిగి తేలేదు. పోల్చేటప్పుడు మాత్రం ముందు రెండు సీడీల వాల్యూమ్ సమానం చేసుకోండి, కాస్త గట్టిగా ఉన్నదానికే చెవి ఓటేస్తుంది.