నలభై ఒకటో రోజు

క్రాస్ కంట్రీ స్కీకి బూటు ముందువైపు ఒక్కచోటే పట్టు ఉంటుంది, మడమ పైకి లేస్తూనే ఉంటుంది. కొండ మీంచి సర్రున దిగే స్కీయింగ్ వేరు, అందులో కాలు మొత్తం బిగించేస్తారు. ఇది నడకకీ జారుడుకీ మధ్యలో ఏదో. "కాలు ఎత్తకండి, ముందుకు జరపండి," అని అద్దెకిచ్చే దగ్గరి అమ్మాయి నాలుగుసార్లు చెప్పింది. కరిగెట్టిన పొలంలో మా నాయిన కూడా దాదాపు అదే మాట అనేవాడు. బురదలో కాలు గుంజితే పడతావురా, మెల్లగా జరుపు అని. అయితే నాకిది వచ్చినట్టే అనుకున్నాను. పది నిమిషాల్లో మూడుసార్లు పడ్డాను.

జనవరి లాంగ్ వీకెండ్. యోసెమిటీ నేషనల్ పార్క్‌లో బ్యాడ్జర్ పాస్. 1935 నుంచి జనం ఇక్కడ స్కీ చేస్తున్నారు. చలికాలంలో గ్లేసియర్ పాయింట్‌కి పోయే రోడ్డుని ఇక్కడే మూసేస్తారు. మిగిలిన 10.5 మైళ్ళ తారురోడ్డు మంచు కిందికి పోయి స్కీ బాట అవుతుంది. మేం అంతదూరం పోయే మొనగాళ్ళం కాదు. మధ్యలో పక్కకి తిరిగి డ్యూయీ పాయింట్ దాకా పోదామని ప్లాన్. పోను మూడున్నర మైళ్ళు, రాను మూడున్నర. అక్కడ నిలబడితే లోయకి అవతల ఎల్ కపితాన్ కనిపిస్తుంది.

మేం నలుగురం. ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. నేను నర్సంపేట. ఖమ్మం, హన్మకొండ, ములుగు మిగతా ముగ్గురు. ములుగూ నేనూ నర్సంపేటలో ఇంటర్ కలిసి చదివాం.

ములుగుకి ఉద్యోగం పోయి ఆ రోజుకి నలభై ఒక్క రోజులు. హెచ్-1బి వాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా వెళ్ళిపోవాలి. ఇంట్లో చెప్పలేదు వాడు. ట్రిప్‌కి రానంటే మేమే గుంజుకొచ్చాం. కారు టైర్లకి గొలుసులు కడుతూ "ఇంకా పంతొమ్మిది" అన్నాడు. ఎవరం ఏమీ అనలేదు. హన్మకొండ పాట పెట్టింది.

రోడ్డు దిగి అడవిలోకి పోయాక చప్పుడంతా ఆగిపోయింది. రెడ్ ఫర్ చెట్ల మానుల మీద పసుపుపచ్చగా లైకెన్. ఏ చెట్టు చూసినా ఒక ఎత్తు నుంచే మొదలవుతోంది, కింద బోడి. ఏటా మంచు ఎంత లోతు పేరుకుంటుందో దాని కింద ఈ లైకెన్ పెరగదట. ఖమ్మం చెప్పింది, తను ఎక్కడికి పోయినా ముందే చదువుకొని వస్తుంది. మేం మంచు మీద నిలబడ్డా ఆ గీత ఇంకా మా నడుం పైనే ఉంది. ఈసారి మంచు తక్కువన్నమాట.

నేను, ములుగు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పాకాల తూము. నర్సంపేట నుంచి పన్నెండు కిలోమీటర్లు సైకిల్ తొక్కి, క్లాసులెగ్గొట్టి, ఆ కట్ట మీద కూర్చునేవాళ్ళం. గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు. తూము రాయి మీద పాత నీళ్ళు వదిలిన గీతలు చూసి ఏ ఏడు ఎంత నిండిందో వాదించుకునేవాళ్ళం. మాకు తుంగబంధం కాలువ కింద రెండెకరాలు. మత్తడి దుంకిందంటే ఆ ఏడు నా ఫీజుకి అప్పు ఉండదు.

మధ్యాహ్నం ఒక పడిపోయిన మాను మీద కూర్చుని సంక్రాంతికి అమ్మ పంపిన సకినాలు తిన్నాం. స్నోషూ థాంప్సన్ అని నార్వే నుంచి వచ్చినాయన ఒకడు, 1856 నుంచి 20 చలికాలాలు స్కీల మీద సియెర్రా కొండలు దాటి ఉత్తరాలు మోశాడని ఖమ్మం మొదలుపెట్టింది. ప్రభుత్వం అతనికి జీతమే ఇవ్వలేదట.

"నార్వే నుంచా? వీసా ఎట్ల దొరికిందట?" అన్నాడు ములుగు. సకినం గొంతుకి అడ్డం పడేంత నవ్వాం.

ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని పొద్దున్నే ఒప్పందం. దాదాపు ఐదింటికి పొద్దు గూకుతుంది, లైట్లు తెచ్చుకోలేదు, హన్మకొండ మోకాలు అప్పటికే వాచింది. ఒంటిగంట అయ్యింది. ముందు ఇంకో ఎక్కుడు ఉంది, దాని తర్వాత ఎంతో తెలీదు.

"పోదాం రా. ఇంత దూరం వచ్చినం గద," అన్నాడు ములుగు.

"వద్దు. తిరుగుదాం."

"నువ్వు మళ్ళొస్తవు. వచ్చే నెల వస్తవు, వచ్చే ఏడు వస్తవు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేనొక్కణ్ణీ వాడితో పోయి, ఆ ఇద్దరినీ మెల్లగా వెనక్కి పంపొచ్చు. ఒక నిమిషం అదే ఆలోచించాను. తర్వాత స్కీలు అడ్డం తిప్పాను. వాడు కాసేపు అక్కడే నిలబడి, మా వెనకే వచ్చాడు. దిగుడులో పడ్డప్పుడు చెయ్యిస్తే పట్టుకోలేదు. కారు దగ్గరికి చేరేసరికి నాలుగున్నర, చెట్ల కింద నీలంగా చీకటి. సరైన పనే చేశాను. ఆ సంగతి ఇప్పటికీ వాడికి చెప్పలేను.

యాభై ఎనిమిదో రోజున వాడు ఫ్లైటెక్కాడు. ఎయిర్‌పోర్ట్‌లో మామూలుగానే మాట్లాడాడు, సూట్‌కేస్ బరువు గురించి, ఖాళీ చేసిన ఇంటి డిపాజిట్ గురించి. మొన్న పాకాల కట్ట మీంచి ఒక ఫోటో పంపాడు. చెరువు లేదు అందులో, తూము రాయొక్కటే. కింద ఏమీ రాయలేదు. నేనూ ఒక బొటనవేలు నొక్కి ఊరుకున్నాను.

స్కీల అద్దె నలుగురిదీ ఆ రోజు వాడే కట్టాడు. స్ప్లిట్‌వైజ్‌లో నేను వాడికి ఇంకా బాకీ అని చూపిస్తోంది. మూడుసార్లు తెరిచాను. డబ్బు పంపలేదు.