గడువు

గోపాలపూర్ అలల ఒడ్డున పెరిగినవాణ్ణి. 2024 మేలో న్యూజెర్సీలో మా అబ్బాయి నన్ను తెల్లవారుజామునే అట్లాంటిక్ తీరానికి తీసుకెళ్ళాడు. ఒకటే చలి. ఒక పెద్దాయన రబ్బరు తొడుగులతో మోకాలిలోతు అలల్లో నిలబడి గాలం విసురుతున్నాడు. వసంతంలో చారల బాస్ చేపలు నదుల్లో గుడ్లు పెట్టి, సముద్రంలోకి దిగి, ఒడ్డు వెంట ఉత్తరానికి పోతాయట.

ఒకటి పడింది. టేపుతో కొలిచాడు. 28 అంగుళాలకు తగ్గరాదు, 31 దాటరాదు, రోజుకు ఒక్కటే. ఇది 36. పెద్ద తల్లిచేపకు గుడ్లెక్కువ. అందుకే 2023లో పైహద్దు 31కి దించారు. రెండు చేతులా పట్టుకుని మెల్లగా అలలోకి వదిలేశాడు. నేనప్పటికే దాని ధర లెక్కేస్తున్నాను. కామర్స్ బుద్ధి!

మా తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. అదీ చేప గుడ్ల కోసమే. 2016లో, సరిగ్గా ఆ రోజుల్లోనే, పడవ అప్పుల వాయిదాలకు నోటీసులు పంపాను. మన తెలుగు నోలియా ముసలాయన ఒకడు కాగితం పట్టుకుని బ్రాంచికొచ్చాడు.

"సేపకి రెండు నెల్లు గడువిచ్చినారు గదా బావూ, మరి మాకు?"

రూలు చదివి వినిపించాను.

ఆ ఏడు బకాయిలు బాగా వసూలయ్యాయని పైనుంచి మెప్పు ఉత్తరం వచ్చింది. ఇంకా బీరువాలోనే ఉంది.