హారిస్ షీల్డ్ స్కోరుబుక్కు

ముంబయి ఆజాద్ మైదానంలో హారిస్ షీల్డ్ మ్యాచ్‌లకు స్కోరు రాస్తాను. మిల్లుపనికి నల్గొండ నుంచి వచ్చి వర్లీలో స్థిరపడ్డ కుటుంబం మాది.

ఇది పదహారేళ్ల లోపు బడిపిల్లల టోర్నమెంటు. ఆ మైదానంలో పిచ్‌లన్నీ పక్కపక్కనే. మన ఫీల్డరు పక్క మ్యాచ్ వికెట్ల దగ్గర నిలబడి ఉంటాడు. కేక వినిపిస్తే మనదో కాదో తేల్చుకున్నాకే పెన్ను కదపాలి. బంతి బంతికీ బ్యాటర్ వరసలో ఒక గుర్తు, బౌలర్ గడిలో ఒకటి. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే ఎంతొస్తుందో, బౌలర్లు ఇచ్చినవాటికి బైలు, లెగ్‌బైలు కలిపినా అంతే రావాలి. ఒక్క పరుగు తేడా వచ్చినా వెనక్కి వెళ్లి ఓవర్లన్నీ వెతకాల్సిందే.

1988 ఫిబ్రవరి సెమీఫైనల్లో సెయింట్ జేవియర్స్ మీద శారదాశ్రమ్ బడి జంట 664 పరుగులు జోడించింది. టెండూల్కర్ 326, కాంబ్లీ 349, ఇద్దరూ నాటౌట్. ఆ రోజు బంతులేసి అలసినవాళ్లలో సాయిరాజ్ బహుతులే ఒకడు, తర్వాత ఇండియాకు ఆడాడు. 2013లో పృథ్వీ షా 546 కొట్టాడు. ఈ అంకెలు పిల్లలకు కంఠతా వచ్చు. హారిస్ ఎవరంటే మాత్రం దిక్కులు చూస్తారు.

ఆయన ఇంగ్లండ్ మాజీ కెప్టెన్, 1890 నుంచి 1895 దాకా బొంబాయి గవర్నర్. తండ్రి అంతకుముందు మద్రాసు గవర్నరు, మన కోస్తా, సీమ జిల్లాలు ఆయన ఏలుబడిలోవే. కొడుకును భారత క్రికెట్‌కు పెద్దదిక్కని పొగుడుతారు. నేను ఒప్పుకోను. హిందూ, ఇస్లాం జింఖానాలకు సముద్రం ఒడ్డున స్థలాలు దక్కింది ఆయన హయాంలోనే, నిజమే. కానీ దొరల పోలో గుర్రాలు మైదానాన్ని గుల్ల చేస్తున్నాయని మనవాళ్లు మొరపెట్టుకుంటే ఆయన ప్రభుత్వం పోలో పక్షమే వహించింది. ఈ షీల్డ్‌కు పరువు తెచ్చింది టెండూల్కర్, కాంబ్లీలకు ఆట నేర్పిన అచ్రేకర్ లాంటి గురువులూ, తెల్లవారకముందే కిట్‌బ్యాగుతో లోకల్ రైలెక్కిన పిల్లలూ.

వాళ్లలో చాలామంది పేర్లు స్కోరుబుక్కులో తప్ప ఎక్కడా ఉండవు. ఒక బడిలో పాత బుక్కులన్నీ తూకానికి అమ్మేశారని తెలిసి ఎంతో బాధపడ్డాను. బడుల పెద్దలకు నా విన్నపం: మీ బీరువాల్లో మిగిలినవాటిని చెదలు పట్టకముందే పేజీ పేజీ ఫొటో తీయించి దాచండి.