బీరువాలో తెల్లచీర

లూథరన్ మిషనరీ హేయర్ అమెరికా నుంచి వచ్చి గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. విక్టోరియా రాణి తెల్లగౌనులో పెళ్ళి చేసుకున్నది 1840 ఫిబ్రవరి 10న. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు భలే తమాషాగా ఉంటుంది. మా వైపు ఏ చర్చి పెళ్ళిలో అడిగినా, తెల్లచీర అనాదిగా వస్తున్న ఆచారమంటారు. ఆ అనాది గుంటూరు మిషను కంటే రెండేళ్ళు పెద్దది, అంతే.

అంతకుముందు తెల్లబట్టల్లో పెళ్ళాడినవాళ్ళు లేరని కాదు. 1558లో స్కాట్లండు రాణి మేరీ పారిస్‌లో తెలుపు వేసుకునే ఫ్రాన్సు యువరాజును పెళ్ళాడింది. ఫ్రాన్సు రాణివాసంలో భర్త పోతే కట్టే రంగు కూడా అప్పట్లో తెలుపే, అది వేరే కథ. మామూలు ఇంగ్లీషు పిల్ల మాత్రం ఉన్నవాటిలో మంచి గౌను వేసుకునేది. నీలమో, గోధుమరంగో, ఏదో ఒకటి. పెళ్ళయ్యాక ఆదివారం ఆరాధనకీ అదే, చుట్టాలింటికీ అదే. బొగ్గు పొగలోనూ బురదలోనూ తిరిగి, బట్టలు చేత్తో ఉతుక్కునే ఇళ్ళలో తెల్ల పట్టుగౌను కుట్టించడమంటే, మాకు ఇది మళ్ళీ తొడగాల్సిన అవసరం లేదని ఊరందరికీ చాటడమే. తెలుపులో ముందు కనపడింది కలిమి. పవిత్రత మాట జనం నోట బాగా నానింది తర్వాతే.

విక్టోరియాకు అప్పుడు ఇరవయ్యేళ్ళు. యంత్రాల లేసు వచ్చి డెవన్ ప్రాంతంలో చేత్తో లేసు అల్లేవాళ్ళ పొట్ట కొడుతుంటే, వాళ్ళకు పని దొరకాలని ఆ లేసు చేయించింది. గౌను తెల్లగా ఉండటం లేసు ఎత్తి కనపడటానికీ పనికొచ్చింది. ఈ సంగతి చేనేత కష్టం ఎరిగిన మనవాళ్ళకు వివరంగా చెప్పనక్కర్లేదు. మన నరసాపురం ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పిందీ మిషనరీల ఇళ్ళవాళ్ళే. నాకు నచ్చిన ముక్క ఇంకొకటుంది. విక్టోరియా తన లేసును పెట్టెలో దాచి ఊరుకోలేదు. తర్వాత ఎన్నో వేడుకలకు దాన్నే తీసి వాడింది. 1901లో ఆవిడతోపాటు శవపేటికలోకి వెళ్ళింది ఆ పెళ్ళి ముసుగే. రాణిగారిని చూసి తెలుపు నేర్చుకున్న లోకం, ఈ పొదుపు మాత్రం నేర్చుకోలేదు.

తెలిసినవాళ్ళ అమ్మాయి ఒకతె తన పెళ్ళికి వంగపండు రంగు ధర్మవరం చీర కట్టుకుంటానంది. వాళ్ళమ్మ గుండెలు బాదుకుంది. "గుళ్ళో అందరూ ఏమనుకుంటారే?"

"నీ పెళ్ళిచీర మళ్ళీ ఎన్నిసార్లు కట్టావు, చెప్పమ్మా."

ఆవిడ దగ్గర జవాబు లేదు. అయినా ఊరుకోకుండా ప్రకటన గ్రంథం తీసింది. గొర్రెపిల్ల వివాహంలో వధువుకిచ్చినవి మెరిసే సన్నపునార బట్టలని గుర్తుచేసింది. పాస్టరుగారు నవ్వి 45వ కీర్తన కూడా చూడమన్నారు. అక్కడ రాజకుమార్తె ఒంటిమీద ఉన్నది బంగారు తీగ నేసిన బట్ట, పైగా బుటేదారీ పని. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి కాబట్టి తగువు తేలలేదు. చివరికి నెగ్గింది మాత్రం వంగపండు రంగే. కేరళ సిరియన్ క్రైస్తవులు ఈ చిక్కును ఏనాడో తెలివిగా దాటేశారు. గుళ్ళోకి తెల్లచీరతో వచ్చిన పిల్ల తలమీద, తాళి కట్టిన పెళ్ళికొడుకు పట్టు మంత్రకోడి కప్పుతాడు. విందుకు ఆ పిల్ల అదే కట్టుకుని కూర్చుంటుంది.

ఇక హిందువుల ఇళ్ళలో ముసలమ్మలు క్రైస్తవుల తెల్లచీర చూసి ముక్కున వేలేసుకోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. మా నాయనమ్మా అంతే. "శుభమా అని పెళ్ళి చేస్తూ పిల్లకి ఆ తెల్లచీరేంటమ్మా!" అనేది. మరి నీ మెళ్ళో సూత్రం పడినప్పుడు నువ్వు కట్టుకున్న మధుపర్కాలు ఏ రంగు నాయనమ్మా అంటే, "ఎర్రంచు లేదూ!" అని కసిరేది. వేలెడు అంచుకున్న బలం అది. తెల్ల నూలుచీరే, అంచు ఉంటే ముత్తయిదువుది, అంచు లేకుండా ఆమెకే ఇస్తే వైధవ్యం. నిజానికి ఆ నూలు మధుపర్కాలు నాకు చాలా ఇష్టం. కాకపోతే ఇప్పుడు ఫొటో కోసం కట్టి, తలంబ్రాలు కాగానే విప్పేసి కంచిపట్టులోకి మారిపోతున్నారు.

రంగు ఎంచుకున్నంత మాత్రాన గెలిచినట్టు కూడా కాదు. 1937లో వాలిస్ సింప్సన్ నీలం వేసుకుంది, 1964లో ఎలిజబెత్ టేలర్ బర్టన్‌ను పసుపు గౌనులో పెళ్ళాడింది. ఆ ధైర్యాన్ని మెచ్చుకుంటాను. కానీ మన పిల్లలు ఇప్పుడు కొంటున్న లెహంగా చూడండి. రాణి రంగు, మోకాళ్ళ దాకా రాళ్ళు, పిల్ల కంటే దాని బరువే ఎక్కువేమో అనిపిస్తుంది. రిసెప్షన్‌లో నాలుగు గంటలు వేసుకున్నాక దాన్ని ఏ పేరంటానికి కడతారు? అది రంగు వేసుకున్న తెల్లగౌనే. నా మటుకు నాకు, వచ్చే సంక్రాంతికో క్రిస్మస్‌కో మళ్ళీ కట్టుకోగలిగితేనే అది పెళ్ళిచీర. ఆ లెక్కన చూస్తే మెత్తటి గద్వాల చీర ముందు పది లెహంగాలు చాలవు.

తెల్ల పట్టుచీరలు దాచుకున్నవాళ్ళు దిగులుపడక్కర్లేదు. పట్టుకు రంగు బాగా పడుతుంది, ముదురు రంగైతే పాత మరకలూ కలిసిపోతాయి. వేయించేముందు చీరను వెలుతురుకు ఎత్తి మడతల దగ్గర చివికిందేమో చూసుకోవాలి. జరీ ఏమవుతుందో రంగులవాణ్ణి ముందే అడగాలి. వంగపండు చీర పిల్ల పెళ్ళయ్యాక వాళ్ళ అమ్మగారు తన తెల్ల పెళ్ళిచీరకు నెమలికంఠం రంగు వేయించుకున్నారు. చీర బాగా కుదిరింది గానీ జాకెట్టుముక్క ఒక ఛాయ తేడా వచ్చింది. ఆ రంగులవాణ్ణి ఆవిడ ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు.