బీరువా తాళం ఎవరి దగ్గర?

'మీ బళ్లో లైబ్రరీ ఉందా?' అని ఏ హైస్కూలు హెడ్మాస్టరుని అడిగినా 'ఉంది' అనే చెబుతారు. అబద్ధమేం కాదు. స్టాఫ్‌రూములో ఓ మూలో, సైన్స్ ల్యాబు వెనకాలో ఒకట్రెండు ఇనుప బీరువాలు ఉంటాయి. వాటి నిండా పుస్తకాలూ ఉంటాయి. ఒక్కో పుస్తకానికి ఒక్కో నంబరు, ఆ నంబరుకి స్టాకు రిజిస్టరులో ఒక వరుస, పక్కనే ధర. అంతా పద్ధతిగానే ఉంటుంది.

రెండో ప్రశ్న దగ్గరే చిక్కు. 'తాళంచెవి ఎవరి దగ్గరుంది?'

సాధారణంగా అది తెలుగు మాస్టారి దగ్గరుంటుంది. పుస్తకాలకూ తెలుగుకూ ఏదో చుట్టరికం ఉందని అందరి నమ్మకం. ఆయన వద్దంటే బడికి కొత్తగా వచ్చిన టీచరుకి అంటగడతారు. దాన్ని 'లైబ్రరీ ఇన్‌ఛార్జి' అంటారు. జీతం పెరగదు, పీరియడ్లు తగ్గవు. పెరిగేది పూచీ ఒక్కటే. బదిలీ అయి వెళ్లే రోజున రిజిస్టరులో ఉన్న పుస్తకాలన్నీ లెక్కపెట్టి తర్వాతి వాళ్లకి అప్పజెప్పాలి. తగ్గితే సంజాయిషీ చెప్పుకోవాలి, లేదంటే జేబులోంచి కట్టుకోవాలి. ఇది తెలిసిన మనిషి బీరువా తెరిచి ఆరో తరగతి పిల్లల ముందు పెడతారా? తాళం వేస్తారు. ఎవరైనా అదే చేస్తారు.

విచిత్రమేమిటంటే పిల్లాడు పట్టుకెళ్లి పోగొట్టిన పుస్తకానికి సంజాయిషీ ఉంది కానీ, బీరువాలో చెదలు తినేసిన పుస్తకానికి పెద్దగా లేదు. అరిగిపోయిన అట్ట కన్నా, తెరవని పుస్తకమే లెక్కల్లో క్షేమం!

పుస్తకాలు కొనేందుకు డబ్బు లేదనుకోవడం పూర్తి నిజం కాదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ లైబ్రరీ ఉండి తీరాలంది. దినపత్రికలు, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలతో సహా ఉండాలని షెడ్యూల్లో రాసి మరీ పెట్టింది. 2018లో సమగ్ర శిక్ష మొదలయ్యాక సర్కారు బళ్లకు లైబ్రరీ గ్రాంటు కూడా వచ్చింది. బడి స్థాయిని బట్టి ఏడాదికి 5 వేల రూపాయల నుంచి 20 వేల దాకా. చిన్న మొత్తమే, కానీ పిల్లల బొమ్మల పుస్తకాల ధరలతో చూస్తే మరీ తీసిపారేసేదేం కాదు. ఇంతా చేసి చట్టం మరిచిపోయింది ఒక్కటే... ఆ పుస్తకాలను పిల్లల చేతికందించే మనిషి. షెడ్యూల్లో లైబ్రరీ ఉంది, లైబ్రేరియన్ లేడు.

పల్లెటూళ్ల బళ్లను సర్వే చేసే 'అసర్' బృందాలు ఈ సంగతిని కాస్త తెలివిగా పట్టుకున్నాయి. వాళ్లు పుస్తకాలున్నాయా అని అడిగి ఊరుకోరు. తాము వెళ్లిన రోజు పిల్లల చేతుల్లో పాఠ్యపుస్తకం కాని పుస్తకం కనిపించిందా అని చూస్తారు. దేశం మొత్తమ్మీద 2018లో నూటికి 37 బళ్లలో కనిపించింది. 2022లో 44కి, 2024లో 51కి పెరిగింది. సంతోషించాల్సిందే. మిగతా సగం బళ్లలో ఆ రోజు ఒక్క పిల్లాడి చేతిలోనూ ఒక్క కథల పుస్తకమూ లేదన్నది కూడా అదే లెక్క.

సరే, ఆ మనిషి వస్తే ఏం చేస్తాడు? పుస్తకం ఇచ్చి, తేదీ వేసి, తిరిగి తీసుకోవడానికి ఒక ఉద్యోగమా?

చాలామందికి లైబ్రేరియన్ అనగానే గుర్తొచ్చేది 'నిశ్శబ్దం' బోర్డు కింద కూర్చున్న పెద్దమనిషే. ఆస్ట్రేలియా, కెనడా లాంటి చోట్ల బళ్లలో ఉండేవాళ్లని 'టీచర్ లైబ్రేరియన్' అంటారు. పేరులోనే ఉంది తేడా. ఆయన ముందు టీచరు. పాఠం చెప్పడం నేర్చుకున్నాడు, తర్వాత పుస్తకాల సంగతీ చదువుకున్నాడు. ఆస్ట్రేలియాలో ఈ రెండు అర్హతలూ ఉన్నవాళ్లనే ఆ మాటతో పిలుస్తారు.

ఉదాహరణకి సోషల్ మేడమ్ 'కృష్ణా నది మీద ప్రాజెక్టు చేసుకురండి' అన్నారనుకోండి. మన దగ్గర ఏం జరుగుతుంది? నలభై మంది ఒకే వెబ్ పేజీని ప్రింటు తీయిస్తారు. కాస్త ఓపికున్న అమ్మానాన్నలుంటే రంగుల చార్టు కూడా వస్తుంది. నదిని ఎవరూ చదవరు. అదే టీచర్ లైబ్రేరియన్ ఉన్న బళ్లో మేడమ్ ముందే ఆయనతో మాట్లాడుకుంటుంది. ఆయన ఒక అట్లాసు, ఒక పాత విజ్ఞాన సర్వస్వం, కొత్త ప్రభుత్వ నివేదిక ఒకటి బల్ల మీద పెడతాడు. నది పొడవెంతో రాయమంటాడు. ఒక జట్టు 1,400 కిలోమీటర్లంటుంది. ఇంకో జట్టు దాదాపు 1,290 అంటుంది. రెండూ అచ్చులో ఉన్నవే! కేంద్ర జల సంఘం మొదటిది చెబుతుంది, బ్రిటానికా రెండోది. 'మరి ఏది రైటు సార్?' అని పిల్లలు అరుస్తారు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఏ పుస్తకం ఎక్కణ్నుంచి తీసుకుంది... అచ్చులో ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదని పన్నెండేళ్ల పిల్లకి అర్థమైన క్షణం అది. ఫోనులో ఏదడిగినా తడుముకోకుండా జవాబొచ్చే ఈ రోజుల్లో అంతకన్నా అక్కరకొచ్చే పాఠం ఇంకోటి ఉంటుందా? దీనికి ఏ సబ్జెక్టులోనూ పీరియడ్ లేదు.

ఇంకోటుంది. అది పైకి కనిపించదు. బడిలో ప్రతి టీచరుకీ పిల్లలు మార్కుల్లో కనిపిస్తారు. లెక్కల సారుకి ఆ కుర్రాడు '35 దాటనివాడు'. లైబ్రరీలో మార్కుల్లేవు. క్రికెట్ తప్ప ఏదీ పట్టనివాడికి ఒక ఆటగాడి జీవితకథ చేతికిస్తారు. సగం చదివి తెచ్చిచ్చినా ఏమనరు. ఎనిమిదో తరగతి అమ్మాయికి తన ఒంట్లో వస్తున్న మార్పుల గురించి ఇంట్లో అడగాలంటే సిగ్గు, బళ్లో అడగాలంటే భయం. అరలో ఆ పుస్తకం అందేచోట ఉంటే చాలు, ఎవరినీ అడగకుండా తీసి చదువుకుని పెట్టేస్తుంది. దాన్ని అక్కడ పెట్టాలని తెలిసినవాళ్లు ఒకరుండాలి. ఆ పిల్ల చదువుతున్నప్పుడు అటు చూడకూడదని కూడా తెలియాలి.

పుస్తకాలు సర్దడమూ చిన్న విద్యేం కాదు. చాలా లైబ్రరీల్లో వాడే డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. ఇంగ్లిషు సాహిత్యానికి 820 నుంచి మొదలయ్యే పూర్తి వరుస ఇచ్చిన ఆ పద్ధతి, మనకు చుక్క తర్వాత మూడంకెల చోటిచ్చింది. దాన్ని అలాగే వాడితే తెలుగు బడి లైబ్రరీలో ముప్పాతిక భాగం పుస్తకాలకి ఒకటే పొడవాటి నంబరు పడుతుంది. ఐదో తరగతి పిల్లకి అదేం అర్థమవుతుంది? కాస్త అనుభవమున్నవాళ్లు రంగు కాగితాలు అతికిస్తారు. జంతువుల కథలకి ఆకుపచ్చ, సైన్సుకి నీలం, నవ్వించేవాటికి పసుపు... 'ఏనుగు బొమ్మున్న ఎర్రట్ట పుస్తకం' అని అడిగే పిల్లకి ఆ భాషలోనే వెతికిపెట్టాలి.

అసలు మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడనదగ్గ ఎస్.ఆర్.రంగనాథనే మొదట లెక్కల మాస్టారు. మంగళూరులో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న మనిషి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా వెళ్లాడు. ఏ పనీ లేకుండా, పిల్లల అలికిడి లేకుండా ఆ కుర్చీలో కూర్చోలేక, నా క్లాసు నాకిచ్చేయమని మొరపెట్టుకున్నాడు. ఇంగ్లండు వెళ్లి చదివొచ్చాక కూడా నచ్చకపోతే అప్పుడు చూద్దామన్నారు. అక్కడ ఆయన లైబ్రరీలెన్నో తిరిగి చూశాడు. పాఠం చెప్పడానికి తరగతి గదే అక్కర్లేదని ఆయనకి తోచింది. ఇక వెనక్కి వెళ్లలేదు. 1931లో రాసిన ఐదు సూత్రాల పుస్తకంలో మొదటి సూత్రం సారాంశం, పుస్తకం ఉన్నది వాడుకోవడానికని. ఇది కూడా ఒక సూత్రమేనా అనిపిస్తుంది. మధ్యయుగాల్లో యూరప్‌లో పుస్తకాలను అరలకి గొలుసులతో కట్టేసేవారు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్ చర్చిలో ఆ గొలుసులు ఇప్పటికీ చూడొచ్చు. మన బళ్లలో గొలుసుకి బదులు గాడ్రెజ్ తాళం. అంతే తేడా! ఆ రంగనాథనే 1942లో ప్రత్యేకంగా బడి, కాలేజీ లైబ్రరీల మీద పుస్తకం రాశాడు.

మనకీ సంగతి తెలియక కాదు. 1952-53లో ముదలియార్ కమిషన్ హైస్కూళ్లలో శిక్షణ పొందిన లైబ్రేరియన్ ఉండాలని సిఫార్సు చేసింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా లైబ్రరీల్లో తగినంత సిబ్బంది కావాలని ఇంకోసారి చెప్పింది. ఈ మధ్య కాలంలో ఏం జరిగిందంటే, కేంద్రీయ విద్యాలయాలకి లైబ్రేరియన్ దక్కాడు. నవోదయలకీ దక్కాడు. తెలంగాణ గురుకులాలకి 2023లో నాలుగొందలకు పైగా స్కూలు లైబ్రేరియన్ పోస్టులు ప్రకటించారు. ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకి మాత్రం చాలాచోట్ల ఆ పోస్టే లేదు. ఇంట్లో పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం లేని పిల్లలు ఎక్కువగా చదివేది మరి ఆ బళ్లోనే.

జీతాలెక్కణ్నుంచి తేవాలన్నది వెంటనే వచ్చే ప్రశ్న. సబ్జెక్టు టీచర్లకే ఖాళీలుంటే లైబ్రేరియనా అంటారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలోని కొలరాడోలో 1993లో వచ్చిన ఒక అధ్యయనం, లైబ్రరీలో సరిపడా సిబ్బంది, పుస్తకాలు ఉన్న బళ్లలో పిల్లలు చదవడంలో ముందున్నారనీ, ఊరి పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా మిగిలిందనీ చెప్పింది. మంచి లైబ్రేరియన్‌ని పెట్టుకునే బడి మిగతా విషయాల్లోనూ మంచిదే అయ్యుండొచ్చు కాబట్టి ఘనతంతా ఆయనదే అనలేం. కానీ ఆయన్ని తీసేసి బాగుపడిన బడి పేరు కూడా ఎవరూ చెప్పరు.

పోస్టు ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా ఆస్ట్రేలియాని చూస్తే తెలుస్తుంది. అక్కడి పార్లమెంటు కమిటీ ఒకటి 2010లో దీని మీద విచారణ పెట్టి 2011లో నివేదిక ఇచ్చింది. టీచర్ లైబ్రేరియన్లు తగ్గిపోవడం ఒక బాధైతే, ఉన్నవాళ్లని మిగతా టీచర్లకి ఖాళీ సమయం దొరకడం కోసం క్లాసులు చూసుకునేవాళ్లుగా వాడుకోవడం ఇంకో బాధ. మన లైబ్రరీ పీరియడ్ సంగతీ అంతేగా. టైంటేబుల్లో వారానికొకటి ఉంటుంది. ఆ రోజు లెక్కల సారు సిలబస్ వెనకబడి ఉంటాడు. పదో తరగతికైతే దసరా సెలవుల తర్వాత ఆ పీరియడ్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

ఇంత ఇరుకులోనూ తాళం తీసేసిన టీచర్లున్నారు. వరండాలో దండెం కట్టి బట్టలారేసే క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీస్తారు. రిజిస్టరు రాసే పని తొమ్మిదో తరగతి పిల్లలకే ఇస్తారు. వాళ్లు పెద్దల కన్నా కచ్చితంగా వసూలు చేస్తారు. ఎండాకాలం సెలవులకి రెండేసి పుస్తకాలిచ్చి పంపేవాళ్లూ ఉన్నారు. ఒకట్రెండు తిరిగి రావు. చెల్లెలు చింపేస్తుంది, వానకి తడుస్తుంది. వాటి ధర తమ జేబులోంచి కట్టి, ఎవరికీ చెప్పుకోరు. అలాంటి మాస్టారు బదిలీ అయ్యాక బీరువా మళ్లీ మూతపడుతుంది. మనిషి మంచితనం మీద నడిచే ఏర్పాటు మనిషితోనే పోతుంది.

నిజానికి పుస్తకాలు పోతాయని సర్కారుకీ తెలుసు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల్లో ఓ చిత్రమైన వెసులుబాటు ఉంది. ఏడాదిలో పాఠకులకిచ్చిన, వాళ్లు తిరగేసిన ప్రతి 1,000 పుస్తకాలకీ 5 పోవడం సహజమేనని అందులో రాసుంది. మోసమో నిర్లక్ష్యమో కాకపోతే చాలు. వెయ్యి రూపాయలు దాటినవీ అరుదైనవీ పోతే మాత్రం విచారణ తప్పదు. గమనించాల్సిందేమంటే, లెక్క బీరువాలో ఉన్న పుస్తకాల మీద కాదు, చేతులు మారిన పుస్తకాల మీద. ఒక్కటీ ఇవ్వకపోతే ఒక్కటీ పోవడానికి వీల్లేదు. ఇది కేంద్ర సంస్థల నియమం. ఇలాంటిదే ఒక్క వాక్యం రాసి, కింద సంతకం పెట్టి మన ప్రతి హైస్కూలు బీరువాకీ అతికిస్తే సగం తాళాలు ఆ వారంలోనే ఊడతాయి. ఖజానాకయ్యే ఖర్చు కాగితానిదే. మిగతా సగం తాళాలకి మాత్రం మనిషే కావాలి.

ఆ మనిషి కోసం ఎంతకాలం ఎదురుచూడాలో జపాన్ వాళ్లని అడగాలి. 1953లోనే వాళ్లు బడి లైబ్రరీల కోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. ప్రతి బడికీ టీచర్ లైబ్రేరియన్ ఉండి తీరాలన్నారు. సరిపడా మనుషులు దొరకరేమోనని చివర్లో చిన్న మినహాయింపు... 'ప్రస్తుతానికి' నియమించకపోయినా ఫర్వాలేదని. ఆ 'ప్రస్తుతం' దాదాపు యాభై ఏళ్లు సాగింది. 1997లో చట్టాన్ని సవరిస్తే, 2003 ఏప్రిల్ నుంచి 12 తరగతులూ అంతకు పైనా ఉన్న బళ్లకి నియామకం తప్పనిసరైంది. అయినా వాళ్లలో చాలామంది తమ తరగతి పాఠాలు చెప్పుకుంటూనే, మిగిలిన కాస్త టైములో లైబ్రరీ తలుపు తీస్తుంటారు. అంతకన్నా చిన్న బళ్లకి ఆ 'ప్రస్తుతానికి' అన్న మాట అలాగే ఉంచారు.