గ్రామకంఠంలో ఒక ఇంటి ప్లాను

ముప్పై నాలుగేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి, కోస్తా ఆంధ్రలోని తన స్వగ్రామంలో తాతగారు కట్టిన పెంకుటింటిని విప్పి, ఆ స్థలంలోనే రెండు గదుల డాబా వేసుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులు. పెరటి చివర ఉన్న మరుగుదొడ్డికి వానాకాలంలో నడిచి వెళ్లడం ఆమెకు నిత్యగండం. కోరిక అంతకు మించి లేదు. చేతిలో ఉన్న సొమ్ముకు తోడు బ్యాంకులో ఎనిమిది లక్షలు అప్పు తీసుకుంటే పని పూర్తవుతుందని లెక్క వేసుకున్నారు. బ్యాంకు మేనేజరు మర్యాదగా కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, మూడు కాగితాలు అడిగారు: స్థలం దస్తావేజు, ముప్పై ఏళ్ల ఈసీ, పంచాయతీ ఆమోదించిన ప్లాను. మాస్టారి దగ్గర మూడింటిలో ఒక్కటీ లేదు. ఆ వీధిలో ఎవరి దగ్గరా లేదు.

ఇందులో ఊరివారి అశ్రద్ధ కొంత ఉంటే ఉండవచ్చు. మూలం మాత్రం పాతది. ఆంగ్లేయుల కాలపు రెవెన్యూ సర్వే శిస్తు కోసం పుట్టింది. పంట పండే ప్రతి చెక్కకూ నంబరు వేసి, హద్దు రాళ్లు పాతి, విస్తీర్ణం సెంట్లతో సహా రాసుకున్న దొరతనానికి, మనుషులు కాపురముండే జాగా మీద శిస్తు రాదు గనుక, దాని లోపలి హద్దులతో పని పడలేదు. ఇళ్లున్న మేరనంతా ఒక గీత గీసి చుట్టి, గ్రామకంఠం అని రాసి ఊరుకున్నారు. ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో 1908లో గీసిన ఆ గీత ఎర్రసిరాది కాబట్టి లాల్ డోరా అయింది. పంజాబులో లాల్ లకీర్, మహారాష్ట్రలో గావ్‌ఠాణ్, తమిళనాట నత్తం. పేరేదైనా సంగతి ఒకటే: రైతు పొలానికి లెక్క ఉంది, రైతు ఇంటికి లెక్క లేదు. స్వతంత్రం వచ్చాక కూడా చాలా ప్రభుత్వాలకు ఇది కొరతగా తోచలేదు. 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రారంభించి, డ్రోన్లతో ఊళ్లను కొలవడం మొదలుపెట్టేదాకా ఈ దేశంలో పల్లెటూరి ఇల్లు రాజ్యం కంట పడలేదంటే పెద్ద అతిశయోక్తి కాదు. 2025 జనవరి 18న ఒక్కరోజే 65 లక్షలకు పైగా ఆస్తి కార్డులు పంపిణీ చేశామని కేంద్రం చెప్పుకుంది. మాస్టారి ఊరి మీద కూడా డ్రోను ఎగిరింది. సున్నంతో హద్దులు గీయించారు. తీరా వచ్చిన ముసాయిదా పటంలో, ఉమ్మడి గోడ ఉన్న కారణాన ఆయన ఇల్లూ తమ్ముడి ఇల్లూ ఒకే ముక్కగా కనిపించాయి. ఆక్షేపణ దాఖలైంది. సవరించిన కాగితం కోసం అన్నదమ్ములిద్దరూ ఎదురుచూస్తున్నారు. వారి మధ్య పొరపొచ్చాలు లేకపోవడం ఒక్కటే అదృష్టం.

ఈలోగా మాస్టారు గ్రామ సచివాలయానికి వెళ్లారు. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ఊరికీ, లేదా రెండు మూడు ఊళ్లకు కలిపి, ఒక సచివాలయం ఉంది; పంచాయతీ కార్యదర్శి, ఇంజినీరింగ్ అసిస్టెంటు, సర్వేయరు, వీఆర్వో ఒకే కప్పు కింద కూర్చుంటారు. ఒకే కప్పు కింద కూర్చున్నంత మాత్రాన ఒకే మాట చెప్పాలని లేదు. స్థలం మీదేనని తహశీల్దారు నుంచి స్వాధీన ధ్రువపత్రం తెండి, ప్లాను చూస్తాను అన్నారు కార్యదర్శి. గ్రామకంఠం పంచాయతీ పరిధిలోనిది, రెవెన్యూకు సంబంధం లేదు అన్నారు మండల కార్యాలయంలో. పోనీ, తమ్ముడి చేత హక్కు విడుదల పత్రం రాయించుకుని రిజిస్టరు చేయించుకుంటే చేతికొక దస్తావేజు వస్తుంది కదా అని రిజిస్ట్రారు కార్యాలయానికి వెళితే, ఆ నంబరు నిషేధిత జాబితాలో కనిపిస్తున్నదన్నారు. ప్రభుత్వ భూములను కాపాడడానికి ఉద్దేశించిన 22-ఎ జాబితాలోకి గ్రామకంఠాలు చేరిపోవడం చాలా చోట్ల జరిగిందే. తరతరాలుగా దీపం పెట్టిన ఇల్లు సర్కారు భూమిగా నమోదైందని ఆయనకు అలా, ఒక కంప్యూటరు తెర మీద, తెలిసింది.

ఆయన దగ్గర లేనిది దస్తావేజే గాని ఆధారాలు కావు. తాతగారి నాటి నుంచి ఇంటి పన్ను రసీదులు ఒక రేకు డబ్బాలో భద్రంగా ఉన్నాయి. అణాల్లో కట్టినవీ ఉన్నాయి. కరెంటు బిల్లులున్నాయి. పన్ను పుచ్చుకున్న పంచాయతీ, ఆ రసీదు యాజమాన్యానికి రుజువు కాదని అదే రసీదు వెనుక ముద్ర వేసింది.

ఇక ప్లాను సంగతి. 2002 నాటి పంచాయతీ భవన నిబంధనల ప్రకారం 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీకే ఉంది. మాస్టారి స్థలం నూట ఇరవై గజాలు. కాగితం మీద ఇది చిన్న పని. అయితే నిబంధన ముందు ఇంత, పక్కల ఇంత ఖాళీ వదలమంటుంది. వీధికి కనీస వెడల్పు కోరుతుంది. ఆ వీధి ఎడ్లబండి పట్టే వెడల్పున పుట్టింది. ఇళ్లన్నీ ఒకదానికొకటి భుజాలు ఆనించుకుని నిలబడ్డాయి. అడిగినంత వదిలితే మిగిలే జాగాలో మంచం వేయవచ్చు, ఇల్లు వేయలేరు. మండల కేంద్రంలో లైసెన్సు ఉన్న ఇంజినీరు ఈ చిక్కును తేలికగా విప్పారు. ఆయన గీసేవి ఎప్పుడూ రెండు ప్లానులు: ఒకటి ఆఫీసుకు, ఒకటి మేస్త్రీకి. మొదటిదానిలో నాలుగు వైపులా గాలి ఆడుతుంది. రెండోదానిలో ఇల్లు ఉంటుంది. “అందరూ ఇంతే మాస్టారూ, మీరేం బెంగపెట్టుకోకండి” అన్నారాయన, ఓదార్పుగానే. ముప్పై నాలుగేళ్లు పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దిన మనిషి, తన సంతకంతో ఒక తప్పు లెక్క దాఖలు చేయాల్సి రావడం ఆ ఇంజినీరుకు పట్టే విషయం కాదు. మాస్టారు ఆ పూట సంతకం చేయకుండా బస్సెక్కి వచ్చేశారు.

బెంగళూరులో ఉద్యోగం చేసే కుమారుడు మరో ఉపాయం చెప్పాడు. రోడ్డు పక్కన అరెకరం పొలం ఉంది, పట్టాదారు పాసుపుస్తకం ఉంది. ఊళ్లో ఇంటిని వదిలి అక్కడ పది సెంట్లలో కట్టుకుంటే సరి. అక్కడ వేరే గొలుసు మొదలైంది. సాగుభూమిని ఇంటిస్థలంగా మార్చడానికి 2006 నాటి నాలా చట్టం కింద దరఖాస్తు, భూమి విలువపై రుసుము. (ఆ చట్టాన్ని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వదిలించుకుని, దాని స్థానంలో భూమి విలువపై 4 శాతం బాహ్య అభివృద్ధి రుసుము పెట్టింది. పేరు మారింది.) దాన్ని మించిన అడ్డంకి, ఆ ఊరు కొన్నేళ్ల కిందట ఒక పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వెళ్లడం. ఊరికి పట్టణం రాలేదు, పట్టణపు పటం వచ్చింది. అందులో మాస్టారి పొలం వ్యవసాయ జోనులో ఆకుపచ్చ రంగు వేసుకుని ఉంది. జోను మారాలంటే ఫైలు రాజధానికి వెళ్లాలి. అదే ఆకుపచ్చలో, కిలోమీటరు దూరంలో, ఒక లేఅవుటు సిమెంటు రోడ్లతో, స్వాగత తోరణంతో వెలసిన వైనం ఊరందరికీ తెలుసు.

ఇటువంటి నిబంధనలన్నీ వేధింపులేనని కొట్టిపారేయడం సులువు గాని న్యాయం కాదు. కేరళ 2008లో వరిపొలాల, చిత్తడి నేలల సంరక్షణ చట్టం తెచ్చింది. వేరే స్థలం లేని రైతు పంచాయతీ ప్రాంతంలో 10 సెంట్లకు మించకుండా ఇల్లు కట్టుకోవచ్చు. అదీ స్థానిక పర్యవేక్షణ సంఘం సిఫారసు చేశాక. వరిచేను నీటిని పట్టి ఉంచుతుందని, దాన్ని పూడిస్తే ఆ నీరు ఇంకొకరి ఇంట్లోకి వస్తుందని 2018 వరదల తరువాత అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ చట్టం కూడా సామాన్యుణ్ణి ఏడిపించింది: మెట్ట నేలలు పొరపాటున వరిపొలాల జాబితాలోకి ఎక్కి, సవరణ దరఖాస్తులు ఆర్డీవో కార్యాలయాల్లో కుప్పలు పడ్డాయి. కానీ ఆ అడ్డంకి వెనుక నీరు అనే కారణం ఒకటి కనిపిస్తుంది. మాస్టారి ఫైలును ఆపిన కారణం ఏమిటని అడిగితే ఏ కార్యాలయంలోనూ జవాబు లేదు. పోర్టలు తీసుకోవడం లేదు, అంతే.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీని స్వపరిపాలన సంస్థ అన్నది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు చేర్చింది. గ్రామీణ గృహనిర్మాణం వాటిలో ఒకటి. ముప్పై ఏళ్లు గడిచాక మాస్టారి ఊరి సర్పంచికి, తన పూర్వ గురువుగారి ఇంటి విషయంలో ఉన్న అధికారం సానుభూతి ఒక్కటే. భూమి రికార్డు రెవెన్యూది, జోను పట్టణాభివృద్ధి సంస్థది, పోర్టలు రాజధానిది, కార్యదర్శి ప్రభుత్వోద్యోగి. గ్రామసభ ఆయన ఇంటిని గుర్తుపడుతుంది గాని, గ్రామసభ సాక్ష్యానికి పోర్టలులో గడి లేదు.

అనుమతి దొరకని చోట ఇళ్లు ఆగవు. అనుమతి లేకుండా లేస్తాయి. ప్రభుత్వాలకు ఇది బాగా తెలుసు, ఆదాయం కూడా తెలుసు. తెలంగాణలో 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. కర్ణాటక పంచాయతీలు సక్రమమైన ఆస్తికి 9, 11-ఎ ఫారాలు, అక్రమమైనదానికి 11-బి ఫారం ఇచ్చి పన్ను వసూలు చేస్తాయి. అక్రమానికి సైతం ఒక సక్రమమైన ఫారం ఉందన్నమాట. ఇంతవరకు ఇది చిన్నపాటి హాస్యం. కానీ దేశ రాజకీయాల్లో బుల్‌డోజరు ఒక ఎన్నికల గుర్తులా ఊరేగుతున్న కాలంలో, అనుమతి లేని ఇల్లు అనే మాట బరువు మారిపోయింది. ఉత్తరప్రదేశ్‌లోనూ, మధ్యప్రదేశ్‌లోనూ కూల్చివేతలకు చెప్పిన కారణం చాలాసార్లు ఇదే: అక్రమ నిర్మాణం. ఆ కారణం కాగితం మీద అబద్ధం కానక్కరలేదు. అందుకే అది ప్రమాదకరం. ప్లాను లేని ఇళ్లే వీధి నిండా ఉన్నప్పుడు, వాటిలో ఏ ఇంటి అక్రమం ఏ రోజు కంటపడాలో నిర్ణయించేవాడి చేతిలో వీధి మొత్తం ఉంటుంది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, 15 రోజుల ముందస్తు నోటీసు లేకుండా కూల్చరాదని ఆదేశించి ఆ చేతిని కొంత పట్టుకుంది. నెల తిరిగిన కొద్ది రోజులకే, డిసెంబరు 17న, అదే న్యాయస్థానం మరో కేసులో నిర్మాణ పూర్తి ధ్రువపత్రం చూశాకే ఆ భవనం తాకట్టుపై బ్యాంకులు అప్పు ఇవ్వాలన్నది. నగరాల బహుళ అంతస్తుల దోపిడీని చూసి రాసిన తీర్పు అది, తప్పు పట్టలేం. మాస్టారి ఊళ్లో మాత్రం అటువంటి పత్రాన్ని ఎవరైనా ఎవరికైనా ఇచ్చిన జ్ఞాపకం లేదు.

ఇంటి దగ్గరకు రాజ్యం వేరే విధంగా కూడా రావచ్చునని పొరుగున నేపాల్ చూపించింది. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో కూలిన పల్లెటూరి ఇళ్లకు అక్కడి ప్రభుత్వం 3 లక్షల నేపాలీ రూపాయల సాయం ప్రకటించి, మూడు విడతలుగా ఇచ్చింది: మొదట 50 వేలు, తరువాత లక్షన్నర, చివర లక్ష. పునాది అయ్యాక ఇంజినీరు వచ్చి చూడాలి, గోడలు లేచాక మళ్లీ చూడాలి. సరిగా ఉంటే తరువాతి విడత. ఆలస్యాలు జరిగాయి, కొండ దారుల్లో ఇంజినీర్లు చాలలేదు, పత్రం లేని భూమి చిక్కు అక్కడా ఎదురైంది. అయినా ఆ పరిశీలకుడు ఇంటి గుమ్మానికి వచ్చాడు, పునాదిలోకి తొంగి చూశాడు, ఈ గోడ నిలుస్తుందా అని అడిగాడు. మాస్టారు తిరిగిన నాలుగు కార్యాలయాల్లో, పద్నాలుగు నెలల్లో, ఆయన ఇల్లు నిలుస్తుందా అని అడిగినవారు లేరు.

చివరకు ఆయన బ్యాంకు అప్పు ఆలోచన మానుకున్నారు. పొలంలో పావెకరం అమ్మారు. ఆఫీసు ప్లాను మీద సంతకం చేయలేదు, మేస్త్రీ ప్లాను మీద ఎవరూ సంతకం అడగరు. మాఘమాసంలో శంకుస్థాపన చేశారు. కార్యదర్శి కూడా వచ్చి కొబ్బరి చెక్క తీసుకుని వెళ్లారు. “కానివ్వండి మాస్టారూ, మేం చూసుకుంటాం” అని నోటిమాటగా చెప్పారు. స్నానాల గది ఇంటి లోపలికి వచ్చింది. గృహప్రవేశమైన మూడో నెలలో కొత్త కొలతల ప్రకారం ఇంటి పన్ను డిమాండు నోటీసు అందింది. విస్తీర్ణం సరిగ్గా ఉంది, అడుగు కూడా తేడా లేదు. అనుమతి నంబరు అని ఉన్న చోట అడ్డగీత గీసి ఉంది. మాస్టారు ఆ రోజే పన్ను కట్టి, రసీదు మడతలు పడకుండా రేకు డబ్బాలో తాతగారి రసీదుల పైన పెట్టారు.