పులికంటె ముందు లేడి: గోవ్యాఘ్రకథలో మరుగుపడిన తల్లి

ఆవు-పులి కథ వినని తెలుగు బాల్యము అరుదు. మేతకు వెళ్ళిన ఆవును ఆకలిగొన్న పులి అడ్డగించుట, దూడకు కడసారి పాలిచ్చి వచ్చెదనని ఆవు వేడుకొనుట, ఆడిన మాట తప్పక తిరిగివచ్చుట, పులి హృదయము కరగుట. ఇంతియే కథ. అనంతామాత్యుడు 15వ శతాబ్దిలో రచించిన భోజరాజీయము వలన ఈ కథ తెలుగునాట సుస్థిరమైనది. బడిలో పద్యముగా, ఇంటిలో అమ్మమ్మ నోట వచనముగా తరతరములకు అందినది. దీని నీతి యేమని అడిగినచో పసివాడు సైతము "మాట తప్పరాదు" అని చెప్పును. ఆ సమాధానము సరియైనదే. కాని సంపూర్ణము కాదు.

ఈ కథకు పౌరాణికరూపము పద్మపురాణము నందలి సృష్టిఖండములో కలదు. అచ్చట ఆవు పేరు నంద. అయితే కథకు బీజము నంద కాదు, పులియు కాదు, ఒక లేడి. ప్రభంజనుడను రాజు వేటాడుచు అరణ్యమున ప్రవేశించి, పొదలో నిలిచియున్న లేడిని చూచి బాణము ప్రయోగించెను. ఆ క్షణమున అది తన పిల్లకు పాలిచ్చుచుండెను. నిరపరాధిని, నిశ్శంకగా బిడ్డకు స్తన్యమిచ్చుచున్న తల్లిని కొట్టిన నీవు పులివై అడవిలో తిరుగుదువుగాక అని ఆ లేడి శపించెను. తెలియక చేసితినని రాజు ప్రార్థింపగా, 100 సంవత్సరముల పిమ్మట నంద యను గోవుతో సంభాషించినపుడు శాపవిముక్తి కలుగునని అనుగ్రహించెను.

పిల్లలకు చెప్పునపుడు ఈ భాగము సాధారణముగా జారిపోవుచున్నది. జారిపోవుటచే పులి పుట్టుకతోనే దుష్టమైన జంతువుగా మిగులుచున్నది. పురాణదృష్టి అది కాదు. ఇచ్చట పులి దేహములో ఉన్నవాడు మనుష్యుడు. అతని దోషము తల్లి పొదుగునకు, బిడ్డ నోటికి నడుమనున్న బంధమును తెంచుట. నూరేండ్ల అనంతరము ధర్మము అదే దృశ్యమును మరల అతని ముందు నిలిపినది: ఒక తల్లి, పాలకై ఎదురుచూచు ఒక బిడ్డ. మొదటిసారి అతడు చూడలేదు, విచారింపలేదు, బాణము వదలెను. రెండవసారి తల్లియే నోరు తెరచి అడిగినది. అతడు విన్నాడు. విని, పోయిరమ్మన్నాడు.

ఆవు సత్యమును లోకము కీర్తించినది. పులి నిరీక్షణను కీర్తించినవారు తక్కువ. ఆకలితో నున్న పులి, చేజిక్కిన ఆహారమును విడిచి, తిరిగివచ్చునో రాదో తెలియని ప్రాణికొరకు వేచియుండుట తపస్సు కాక మరేమి? శాపవిమోచనము చివరన ఒక్క క్షణములో జరిగినట్లు తోచును. వాస్తవమునకు అది ఆవు ఇంటిదారి పట్టినప్పుడే ఆరంభమైనది.

ఇక ఆవు ఇంటిలో జరిగినది పరిశీలింపవలెను. కథకు హృదయస్థానము అదియే. తల్లియు చెలులును నందను వారించిరి. ప్రాణసంకటమున అసత్యము దోషము కాదని ధర్మసూక్ష్మమును బోధించిరి. నంద ఆ సూక్ష్మమును నిరాకరింపలేదు. పరుల ప్రాణములను కాపాడుటకైనచో అసత్యమాడుదును గాని, నా ప్రాణమునకై ఆడజాలనని పలికినది. ధర్మములోని సడలింపు పరులకొరకే గాని తనకొరకు కాదను ఈ వివేకము పెద్దలకు సైతము కఠినమైన పాఠము.

దూడకు ఆమె చేసిన బోధ వైరాగ్యోపదేశము కాదు, తల్లి జాగ్రత్త. లోభము, ఏమరుపాటు, అతివిశ్వాసము అను మూడింటివలన ప్రాణులు నశించునని, ప్రమాదస్థలమున నున్న పచ్చికకు ఆశపడవద్దని చెప్పినది. భోజరాజీయములో తల్లిలేని బిడ్డ లోకములో ఎంత చులకనయగునో చెప్పు పద్యమును ఒకసారి విన్నవారు మరువలేరు. అటుపిమ్మట ఆమె తన బిడ్డను మందకు అప్పగించినది. మంద యనగా ఉమ్మడి కుటుంబమే. ఒక తల్లి లేనిచో తక్కిన తల్లులు కలరు.

తిరిగివచ్చిన నందను పులి ధర్మమడిగినది. దానములన్నిటిలో సమస్తభూతములకు అభయమొసగుటయే ఉత్తమమని నంద ఉపదేశించినది. ఆమె నామము చెవిని పడగానే ప్రభంజనునకు పూర్వరూపము లభించినది. కన్నడసీమలో ఇదే కథ గోవిన హాడుగా ప్రసిద్ధము. అచ్చట ఆవు పుణ్యకోటి, పులి అర్బుతము. ఆ పులి ఆవును తోడబుట్టిన అక్కగా సంబోధించి, ఆమెను చంపి బ్రతుకుటకంటె తన ప్రాణము విడుచుటయే మేలని దేహత్యాగము చేయును. వినువారి కన్నీరు ఆవుకొరకు మొదలై పులికొరకు ముగియును. రెండు ముగింపులలోను వైరము బంధుత్వముగా మారినది.

నేడు కొందరు తల్లిదండ్రులు బిడ్డ ఏడ్చునని దూడ వీడ్కోలును వదలివేయుచున్నారు. కొందరు పులిని రాక్షసునిగా చిత్రించుచున్నారు. కథ ముగిసిన పిదప బిడ్డ అడుగు ప్రశ్న ఒకటి కలదు: "మరి పులి ఏమి తిన్నది?" దీనిని నవ్వి దాటవేయరాదు. పులి వేటాడుట దాని స్వభావము. అందు పాపము లేదు. విధినిషేధములు మనుష్యునకే. ఆకలి లేకయే బాణము వేసినవాడు రాజు గాని పులి కాదు. ఈ భేదమును తెలిసికొన్న బిడ్డ పులిని ద్వేషింపడు. తన చేతిలోని బాణమును గుర్తించును.

ఇది కేవలము పురాణవిచారము కాదు. శ్రీశైల మల్లికార్జునుని దర్శించువారు దాటివెళ్ళు నల్లమల నేడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యము. విస్తీర్ణములో దేశమునందలి పులుల రక్షితారణ్యములలో అతిపెద్దది. ఆ అడవిలో ఆడపులి ఒంటరిగానే పిల్లలను సాకును. సుమారు రెండేండ్లు వెంటనుంచుకొని వేట నేర్పును. తండ్రి తోడుండదు, మంద లేదు; తల్లి మరణించినచో అప్పగించుటకు ఎవరును లేరు. రాత్రివేళ ఆ దారిలో వాహనములను ఆపుటపై యాత్రికులు విసుగుకొనుట కద్దు. పాలిచ్చుచున్న లేడిని చూడని ప్రభంజనుని తొందర వంటిదే ఆ విసుగు. తెల్లవారువరకు ఆగుట ఆ తల్లులకు మనమీయగల అభయదానము. క్షేత్రమును చేరకముందే జరిగిన అర్చనము.

కావున పిల్లలకు ఈ కథ చెప్పువారు లేడితో ఆరంభింతురుగాక. దూడ వీడ్కోలును వదలకుందురుగాక. బిడ్డ ఏడ్చినచో ఏడ్వనిండు. పరుల తల్లికొరకు తొలిసారి కార్చిన కన్నీరే భూతదయకు అక్షరాభ్యాసము.

స్వస్తి.